వందకు పదకొండు

మా పక్క రూపాయలను లెక్క అంటాం.
"లెక్క తెచ్చినావా?" "లెక్క యాడిది సామీ?"
పేరుకే లెక్క,
ఇరవై ఏండ్లుగా దాన్ని ఎవరం లెక్కపెట్టలేదు.

ఎర్రగుంట్లలో రైలుగేటు దాటినాక
ఎడమపక్క రేకులషెడ్డు మాది.
నిడుజివ్వి గనిలోంచి నల్లబండ వస్తాది,
మిషను కింద పడుకుని నిగనిగలాడతా లేస్తాది.
మా నాయన ఖాతా పుస్తకం గోడ.
బొగ్గుతో రాసేవాడు.
సున్నం కొట్టినప్పుడల్లా ఊరి అప్పులన్నీ మాఫీ.
లాభం చూడాలంటే
పొద్దుగూకినాక చొక్కాజేబు తడుముకునేవాడు.

నాకు ఆ జేబు రాలేదు.
షెడ్డు వచ్చింది, బ్యాంకు కంతు వచ్చింది.

సొసైటీలో గుమాస్తాగా దిగిపోయిన
ఖాదర్ వలీ సారు దగ్గరికి పోతే
"చౌడమ్మా, వంద బండలు కోస్తే ఎన్ని పగులుతాయి?"
ఏమో సార్, పగిలేటివి పగులుతాయి.
"పో. లెక్కపెట్టుకుని రా."

నెల దినాలు
ముక్కల కుప్ప ముందర నిలబడినా.
వందకు పదకొండు.
నా కండ్ల ముందరే పగిలి
నా కంటికి ఎన్నడూ ఆనని పదకొండు.

రాయికి ఎనిమిది, కూలికి నాలుగు,
కరెంటుకు మూడు, పాలిష్‌కు ఒకటి.
అడుగుకు పదహారే అనుకుంటాంటి.
మిగిలిన ఎనభైతొమ్మిదీ
పోయిన పదకొండును మోయాల గదా,
పద్దెనిమిదైంది.

"ఇది కోస్తే అయ్యే ఖర్చు.
కొయ్యకపోయినా అయ్యేది ఇంకోటుంది" అని
సారు చిట్టాలో నిలువుగీత గీసినాడు.
కంతు, బాడుగ, కాపలా తాత జీతం.
మిషను నిద్రపోతా కూడా
నెలకు ముప్పై వేలు తింటాది.
ఐదువేల అడుగులు కోస్తే అడుగుకు ఆరు,
ఒక్క అడుగే కోస్తే
ఆ ఒక్కదాని నెత్తిన ముప్పై వేలు.

ఇన్నేండ్లూ ఇరవైమూడుకు అమ్మి
లాభమొచ్చిందని సుంకులమ్మకు టెంకాయ కొట్టినాం.

అంతలో బెంగళూరు కాంట్రాక్టరు ఫోను.
ఐదువేల అడుగులు, ఇరవైరెండు లెక్కన.
తమ్ముడు ఓబులేసు ఎగిరి గంతేసినాడు.
ఇరవైనాలుగు పడతాందిరా పిచ్చోడా, కుదరదన్నా.
చదువు కొత్తలో
కాదనడం బెల్లంముక్క మాదిరి ఉంటాది.

సారు అద్దాలు తుడుచుకుంటా అడిగినాడు.
"ఏ నెలకంట?"
వానల నెలకు.
"ఆ నెల వేరే పనుందా?"
లేదు.
"మరి ఆ ముప్పై వేలు ఎవరు కడతారు,
నీ కాదనడమా?"

అడుగుకు నాలుగు మిగిలినా ఇరవై వేలు.
ఎండాకాలం నన్ను ముంచే ధరే
వానాకాలం పట్టుకునే కొమ్మ.

తరుగు రాయడం కూడా నేర్పినాడు.
మిషను రోజూ రవంత చస్తాదంట,
ఆ చావును ఏడాదేడాదీ ఖర్చు కింద రాసుకోవాలంట.
బ్లేడుకు రాసినా, బెల్టుకు రాసినా.
అంచులు కోసే మద్దిలేటి దగ్గినాడు.
తొమ్మిదేండ్లుగా దగ్గుతానే ఉన్నాడు.
సార్, మద్దిలేటి రొమ్ముకు ఏ గడి?

చానాసేపు మాట్లాడలేదు ఆయన.
"మా సొసైటీ పుస్తకాల్లో ఆ గడి ఉండలేదమ్మా."

గీత నేనే గీసినా.
నీళ్లు చిమ్మే పైపుకు, ముక్కుగుడ్డలకు,
ఏడాదికోసారి కడపలో ఎక్స్‌రేకు,
అడుగుకు అర్ధరూపాయి.

ఇరవైరెండున్నర అని చెప్పినా ఫోన్లో.
"అర్ధరూపాయి దేనికి?"
దగ్గుకు.
నవ్వినాడు. చూసి చెప్తానన్నాడు.

రెండు దినాలాయ. వాన పడతానే ఉంది.
చిట్టా తెరిచి రాసినా.
నిద్రకు వెయ్యి.
పైపుకు మూడువేల రెండునూర్లు.
జమ పక్క ఏమీ లేదు.

లోపల కొత్తపైపు బిగిస్తా
మద్దిలేటి తల తిప్పకుండా అడిగినాడు.
"ఇది ఎవురి లెక్క, చౌడక్కా?"